ఈగ వాలినా తెలిసే ఒళ్ళు: ఇంటి దగ్గర స్వారీ గుర్రం

హైదరాబాద్‌కు రెండు మలక్‌పేట్‌లు ఉన్నాయి. ఒకటి మూసీకి దక్షిణాన ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో గుర్రప్పందేలను మౌలాలీ నుంచి అక్కడికి మార్పించాడు. రేస్‌కోర్స్ ఇప్పటికీ అక్కడే. రెండోది నగరానికి ఉత్తరాన, శామీర్‌పేట దాటాక, రాజీవ్ రహదారికి పక్కగా, జీనోమ్ వ్యాలీ ప్రహరీల నడుమ ఉన్న లాల్‌గడి మలక్‌పేట్. మొదటి మలక్‌పేట్‌లో పరుగు ఆపేసిన గుర్రానికి రెండో మలక్‌పేట్ లాంటి ఊళ్ళో, ఎకరం రెండెకరాల ఫామ్‌హౌస్‌లో మంచి బతుకు దొరుకుతుందా? స్వారీకి పనికొచ్చే సున్నితమైన గుర్రాన్ని ఇంటి దగ్గర ఉంచుకుని, దాని ఒళ్ళూ మనసూ చెడకుండా చూసుకోవడం మన ఎండల్లో, మన గడ్డితో, మన చప్పుళ్ళ మధ్య సాధ్యమేనా?

సాధ్యం కావాలని నాకు గట్టిగా ఉంది. ఎందుకంటే గుర్రం మన మధ్య నుంచి మాయమవుతోంది. 2019 నాటి 20వ పశుగణనలో దేశం మొత్తం మీద తేలిన గుర్రాలు, పోనీలు 3.4 లక్షలు. 2012 లెక్కతో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. జట్కా బండి పోయింది. హైదరాబాద్‌లో మిగిలినవి పందెం గుర్రాలు, బరాత్ గుర్రాలు, గోషామహల్‌లోని పోలీసు అశ్వదళం, శివరాంపల్లి జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణార్థులకు స్వారీ నేర్పే గుర్రాలు, మొయినాబాద్ వైపు స్వారీ క్లబ్బులవి. వీటికి తోడు, పిల్లల కోసమో తమ చిన్ననాటి ముచ్చట కోసమో సొంతంగా ఒకటి కొనుక్కునే కుటుంబాలు ఇప్పుడిప్పుడే కనిపిస్తున్నాయి. గుర్రానికి అన్నిటికంటే మేలు జరిగేదీ, తెలియక అన్నిటికంటే కీడు జరిగేదీ ఈ ఇళ్ళలోనే.

కొత్తవాళ్ళకు దొరికే గుర్రాలు ఎక్కువగా రెండు రకాలు. ఉత్తరాది నుంచి వచ్చే మార్వాడీ, కాఠియావాడీ జాతులవి కొన్ని. రేసుల నుంచి దిగిన థరోబ్రెడ్‌లు మరికొన్ని. థరోబ్రెడ్ రెండేళ్ళ వయసులోనే పందేనికి దిగుతుంది, చాలావాటికి ఐదారేళ్ళకే ఆ పని అయిపోతుంది. అప్పుడు అది అగ్గువకు దొరుకుతుంది. నిగనిగలాడే చర్మం, సన్నటి కాళ్ళు, పెద్ద కళ్ళు చూసి మనసు పారేసుకుని కొంటారు. నెల తిరక్కుండానే ఆ ఇంట్లో వినిపించే మాట: "దీనికి పొగరెక్కువ." గుర్రాన్ని చూసుకునే సాయిస్ అనేది ఇంకోటి: "బెదురు గుర్రం సార్, ఇంతే." రెండూ తీర్పులే. గుర్రానికి ఏమైందన్న ప్రశ్న రెండింట్లోనూ లేదు. ఈ విషయం మీద చదివింది, చూసింది అంతా ఒకచోట పెట్టుకుంటే నాకు తేలిందొకటే. మనం పొగరు, బెదురు అని పిలిచేదాంట్లో అధికభాగం నొప్పి, ఆకలి, ఒంటరితనం. శిక్షణతో బాగుపడేది ఆ తర్వాత మిగిలేదే.

అది చూసేది, వినేది వేరే లోకం

గుర్రం కళ్ళు తలకు రెండు వైపులా ఉంటాయి. తల తిప్పకుండానే దాదాపు 350 డిగ్రీల మేర చూడగలదు. సరిగ్గా నుదుటి ముందు, తోక వెనక మాత్రం కనబడదు. అందుకే ఎదురుగా వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేయబోతే తల ఎగరేస్తుంది. అది పొగరు కాదు, ఆ చెయ్యి దానికి అప్పటికప్పుడు గాల్లోంచి ఊడిపడినట్టు కనబడింది. ఎరుపు, నారింజ రంగులు దానికి మనలా తెలియవు. బ్రిటన్ పందేల్లో అడ్డుకంచెల మీది నారింజ రంగు పచ్చికలో కలిసిపోతోందని పరిశోధకులు చూపించాక, 2022 నుంచి వాటికి తెల్లరంగు వేయడం మొదలుపెట్టారు. చెవులు ఒకదానితో ఒకటి పొత్తు లేకుండా తిరుగుతాయి, మనకు అందని పైస్థాయి శబ్దాలనూ పట్టుకుంటాయి.

చర్మం సంగతి మరీ ముఖ్యం. ఈగ వాలిన చోట మాత్రమే ఒళ్ళు జలదరింపజేసి దాన్ని లేపగల ప్రాణి అది. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు గుర్రం చర్మాన్ని, మనిషి చర్మాన్ని సూక్ష్మదర్శిని కింద పోల్చి చూశారు. పై పొరలో నరాల కొసల సాంద్రతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. "దాని తోలు మందం, కొరడా దెబ్బ అంతగా తెలియదు" అనే మాటకు ఇక ఆధారం లేదు.

బెర్లిన్‌లో 1904 ప్రాంతంలో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందని ఊరంతా గుమిగూడేది. జవాబు ఎంతైతే అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే పరిశోధకుడు పరీక్షించి 1907లో తేల్చిందేమిటంటే, దానికి లెక్కలు రావు. సరైన సంఖ్య దగ్గరికి రాగానే ప్రశ్న అడిగిన మనిషి తల తనకే తెలియకుండా వెంట్రుకవాసి కదిలేది, గుర్రం దాన్ని చూసి ఆగేది. మనుషులు ఎలా భ్రమపడతారో చెప్పడానికి మనస్తత్వశాస్త్ర పుస్తకాలు ఈ కథ వాడుకుంటాయి. గుర్రాన్ని పెంచేవాళ్ళు గ్రహించాల్సింది ఇంకోవైపుది. చూస్తున్న పండితులందరికీ కనిపించని కదలికను అది పట్టుకుంది. అలాంటి ప్రాణి వీపు మీద బిగుసుకున్న తొడలతో, ఊపిరి బిగబట్టి కూర్చుని "ఎందుకో ఇవాళ బెదురుతోంది" అంటే బెదురు ఎక్కడ మొదలైందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక నొప్పి. బ్రిటన్ పశువైద్యురాలు స్యూ డైసన్ బృందం స్వారీ చేస్తున్నప్పుడు గుర్రంలో కనిపించే 24 ప్రవర్తనల పట్టిక తయారుచేసింది. చెవులు వెనక్కి వాల్చి ఉంచడం, తోక విసరడం, నోరు తెరుచుకోవడం, అడుగు తడబడటం లాంటివి. వాటిలో ఎనిమిదో, అంతకు మించో కనిపిస్తే ఒంట్లో ఎక్కడో నొప్పి ఉండే అవకాశం బలంగా ఉన్నట్టు. మనవాళ్ళు పొగరు కింద రాసుకునే గుణాలన్నీ దాదాపుగా ఈ పట్టికలో ఉన్నాయి. కాబట్టి శిక్షణ ఊసెత్తే ముందు డాక్టర్ చేత నాలుగు చోట్ల చెయ్యి పెట్టించాలి: నోరు, వీపు, పొట్ట, గిట్టలు.

నోటి సంగతి తీసుకోండి. గుడ్డి గుర్రానికి పళ్ళు తోముతున్నావా అని పనిలేనివాళ్ళను దెప్పుతాం గానీ, గుర్రం పళ్ళు చూడటం నిజమైన పనే. అవి జీవితాంతం పెరుగుతూ అరుగుతూ ఉంటాయి. అరుగుదల సమంగా లేకపోతే అంచులు కత్తిలా లేచి బుగ్గను, నాలుకను కోస్తాయి. ఆ నోట్లో కళ్ళెం పెట్టి లాగితే తల విసరక ఏం చేస్తుంది? ఏడాదికోసారి డాక్టర్ చేత ఆకురాయి పట్టించాలి. వీపుకు జీను కుదరకపోవడం రెండో కారణం. ప్రపంచమంతటికీ పంపే జీన్లు కాన్పూర్‌లో తయారవుతాయి, దొరక్కపోవడమనేది లేదు. కానీ ఇతరుల గుర్రానికి కొన్న జీనును మన గుర్రం మీద వేయడం మన దగ్గర మామూలైపోయింది. రేసుల నుంచి దిగిన గుర్రం వీపు మొదటి ఏడాదిలోనే కండపట్టి ఆకారం మారుతుంది. జనవరిలో కుదిరిన జీను దీపావళికి కుదరకపోవచ్చు. జీను తీశాక చెమట మరక మధ్యలో ఎక్కడైనా పొడిగా ఉండిపోయిన మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి పడుతున్నట్టే.

గుర్రం కొన్నాం, గడ్డి మరిచాం

దక్షిణాదికి గుర్రం మొదటి నుంచీ ఎక్కువగా దిగుమతి సరుకే. 13వ శతాబ్దం చివర మార్కో పోలో తమిళ తీరం గురించి రాస్తూ, అక్కడి రాజు ఏటా వేలకొద్దీ గుర్రాలను సముద్రం మీదుగా కొంటాడని, ఏడాది తిరిగేసరికి వాటిలో కొద్దే మిగులుతాయని చెప్పాడు. వాటికి వండిన అన్నం, మాంసం పెట్టేవారట, చూసుకోవడం తెలిసినవాళ్ళు లేరట. సాళువ నరసింహరాయలు సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా తోక తెచ్చి చూపిస్తే వెల కట్టి ఇచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు దిగేలా చూడాలని రాజనీతిగా చెప్పాడు. కొనడానికి ఇంత శ్రద్ధ! తెలివిడి లేక కాదు, మనుమంచి భట్టు తెలుగు పద్యాల్లోనే హయలక్షణ గ్రంథం రాశాడు. తెలివి గ్రంథంలో ఉండిపోయి డబ్బు కొనుగోలుకు పోవడం ఇవాళా చూస్తున్నాం. లక్షలు పోసి గుర్రాన్ని తెచ్చి, మేత దగ్గరికి వచ్చేసరికి పక్కింటి బర్రెలకు కోసిందే దీనికీ నాలుగు పరకలు వేస్తున్నారు.

ఇక్కడే ఎక్కువ గుర్రాలు చెడిపోతున్నాయి, అందుకే కాస్త ఆగుతాను. గుర్రం బర్రె కాదు, నెమరు వేయదు. పొట్ట చిన్నది, పెద్ద గుర్రానికైనా 8 నుంచి 15 లీటర్లే. అందులో ఆమ్లం మాత్రం తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతుంది. దానికి విరుగుడు గడ్డి నమిలేటప్పుడు ఊరే లాలాజలం. పొద్దున, సాయంత్రం రెండు పూటలే మేత వేసి మధ్యలో ఖాళీగా కట్టేస్తే ఆమ్లం పొట్ట గోడనే తింటుంది. పందెం గుర్రాల్లో సగానికి పైగా కడుపు పుండ్లతో ఉంటాయని ఎన్నో దేశాల పరీక్షల్లో తేలింది. కొత్తగా ఇంటికి వచ్చిన థరోబ్రెడ్ నడుం పట్టీ బిగించగానే కొరకడానికి వస్తే మొదట అనుమానించాల్సింది ఈ పుండ్లనే. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. లోపల ఏది ఇరుక్కున్నా, పులిసినా కడుపునొప్పే. అది గంటల్లో ప్రాణం తీయగలదు.

450 కిలోల గుర్రానికి రోజుకు ఎండుమేతే 7 నుంచి 9 కిలోలు కావాలి, అదీ రోజంతా కొంచెం కొంచెంగా. ఏ మేత? మన చుట్టూ దండిగా దొరికేది వరిగడ్డి. అందులో సారం తక్కువ, ఇసుక గుణం ఎక్కువ, అదే ప్రధాన మేత అయితే పేగుల్లో గడ్డకట్టే ప్రమాదముంది. లేత జొన్న చొప్పలో సయనైడు విషం ఉంటుందని రైతులకు తెలుసు. గుర్రాన్ని జొన్న జాతి పచ్చిమేతలో చాలాకాలం మేపితే మూత్రాశయం చెడి వెనక కాళ్ళ పట్టు తప్పుతుందన్నది మాత్రం పాడిరైతుకు తెలిసే అవసరం రాలేదు. పాడివాళ్ళకు బంగారంలాంటి సూపర్ నేపియర్‌తో ఇంకో చిక్కు. అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి అందనివ్వవు. దానికి తోడు తవుడు పెడితే, తవుడు నిండా భాస్వరం. రెండూ కలిస్తే ఒళ్ళు తన ఎముకల్లోంచే సున్నం లాగేసుకుంటుంది. ముఖం ఎముకలు ఉబ్బుతాయి, నడక కుంటుతుంది. ఆ దశకు రాకముందే నెలల తరబడి గుర్రం చిరాకుగా, కదలడానికి మొండికేస్తూ ఉంటుంది. ఎవరూ గడ్డిని అనుమానించరు.

మంచి మేత మన కాళ్ళ కిందే ఉంది: గరిక. దానికి లూసర్న్ కొంత కలిపితే సున్నం, మాంసకృత్తులు రెండూ అందుతాయి. లాల్‌గడి మలక్‌పేట్ లాంటి చోట నేల ఉన్నవాళ్ళు లాన్ పెంచే నీటితో గరిక మడి పెంచితే ఏడాది మేతలో కొంత భాగం ఇంట్లోనే దొరుకుతుంది. ఇక గుర్రానికి గుగ్గిళ్ళు పెట్టడం మన పాత అలవాటు, తప్పేం లేదు. ఉడికించిన ఉలవల్లో మాంసకృత్తులు బాగా ఉన్నాయి. తప్పల్లా కొలతలో ఉంది. రోజూ మైళ్ళు పరిగెత్తే గుర్రం కొలతనే వారానికి రెండుసార్లు స్వారీ చేసే గుర్రానికీ పోస్తున్నారు. పిండిపదార్థం పేగు చివర పులిసి కడుపునొప్పి తెస్తుంది, గిట్టల లోపలి పొర వాచి లేవలేకుండా చేస్తుంది, గుర్రాన్ని ఊరికే ఉలిక్కిపడేలా మారుస్తుంది. గింజ తగ్గించి గడ్డి పెంచితే గుర్రం శాంతించడం పరిశోధనల్లోనూ కనిపించింది. నా దృష్టిలో కొత్త గుర్రానికి మొదటి పాఠం ఇదే, జీను ఇంకా గోడకే ఉండాలి.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ కోళ్ళ ఫారాలు ఎక్కువ కాబట్టి ఒక హెచ్చరిక తప్పదు. కోళ్ళకు కాక్సిడియా జబ్బు రాకుండా దాణాలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు కోడికి క్షేమం. గుర్రానికి మాత్రం అవి గుండె కండరాన్ని చంపే విషం. కోళ్ళ దాణా కలిపిన మిక్సర్‌లోనే కలిపిన దాణా, ఆ బస్తాల్లోనే వచ్చిన తవుడు కూడా వద్దు. పశువుల దాణాలోనూ మోనెన్సిన్ ఉండొచ్చు, బస్తా మీద చీటీ చదవాల్సిందే. ఇంకోటి కంచెలు. ఫామ్‌హౌస్‌ల వెంటా రోడ్డు డివైడర్ల మీదా అందంగా పూసే గన్నేరు, పచ్చగన్నేరు గుప్పెడు ఆకులతోనే గుర్రాన్ని చంపగలవు. కొమ్మలు కత్తిరించి పడేసినచోట ఎండాక చేదు తగ్గి మరీ తినబుద్ధవుతుంది, విషం మాత్రం తగ్గదు.

ఎండ గురించి ఎక్కువ చెప్పను, మనకు తెలిసిందే. ఏప్రిల్, మేలో 40 డిగ్రీలు దాటే చోట నేరుగా రేకుల కింద గుర్రాన్ని ఉంచకూడదు. పైన తాటాకో గడ్డో కప్పాలి, రెండు వైపులా గాలి ఆడాలి. వేసవిలో రోజుకు 50 లీటర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ నీళ్ళు తాగుతుంది. చెమటలో పోయే ఉప్పు తిరిగి పెట్టాలి. కొన్ని థరోబ్రెడ్‌లకు వేడి ప్రాంతాల్లో చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉండి కుక్కలా రొప్పుతుంటే వెంటనే పని ఆపి డాక్టర్‌ను పిలవాలి. వేడెక్కిన గుర్రం మీద చన్నీళ్ళు పోస్తే నరాలు పట్టేస్తాయనే భయం సాయిస్‌లలో చాలామందికి ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ ముందు దీని మీద గట్టిగానే పరిశోధించారు. చన్నీళ్ళు హాని చేయవని, ఎడాపెడా పోయడమే మేలని తేలింది.

తాడు వదిలే క్షణం

గుర్రాన్ని మచ్చిక చేసే పద్ధతుల మీద రెండువేల మూడువందల ఏళ్ళుగా వాదన నడుస్తోంది. గ్రీకు సేనాని జెనోఫన్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలోనే స్వారీ మీద పుస్తకం రాసి, కోపంతో గుర్రం దగ్గరికి పోవద్దన్నాడు. సైనికదళాల దారి వేరు. దక్కన్ హార్స్ లాంటి దళాలకు బొల్లారంలోని హైదరాబాద్ కంటింజెంట్ కాలం నుంచి గొప్ప అశ్విక వారసత్వం ఉంది. 1916 జులై 14న ఆ దళం ఫ్రాన్స్‌లోని హైవుడ్ దగ్గర శత్రువు మీదకు ఈటెలతో దూకింది. యుద్ధానికి తొందర ఉంటుంది. అక్కడ వందల గుర్రాలను ఒకే మూసలో పోయాలి, తట్టుకోలేనివి పోయినా లెక్క ఉండదు. ఆ పద్ధతులు పింఛను తీసుకున్న రిసాల్దార్ల నుంచి, పాత సాయిస్‌ల నుంచి మన స్వారీ బడుల్లోకి వచ్చాయి. వాటిలో క్రమశిక్షణ, శుభ్రత, రోజూ గిట్ట ఎత్తి చూసే అలవాటు ఇప్పటికీ నేర్చుకోదగ్గవి. ఒక్కడి చేతిలో ఒక్క గుర్రం ఉండే ఇంటికి ఆ తొందర మాత్రం అక్కర్లేదు.

అమెరికా నుంచి వచ్చిన గుండ్రటి దొడ్డి పద్ధతి ఇంకోటి. గుర్రాన్ని చుట్టూ పరిగెత్తించి, అది తల దించగానే మనం పక్కకు తిరిగితే మన వెంట నడిచి వస్తుంది. వీడియోల్లో చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, మనల్ని మందకు నాయకుడిగా ఒప్పుకుందని చెబుతారు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో అదే పని రిమోట్‌తో నడిచే బొమ్మ కారుతో చేశారు. గుర్రాలు కారు వెనకా నడిచాయి. అంటే అక్కడ పనిచేసేది నాయకత్వం కాదు, వెంటాడటం ఆగిందన్న ఊరట. రేసుల్లో ఉరకడమే నేర్పించిన థరోబ్రెడ్‌ను మళ్ళీ పరిగెత్తించి బెదరగొట్టి నమ్మకం నేర్పడం నాకు సమ్మతం కాదు.

నాకు నమ్మదగ్గదిగా కనిపించేది మూడో దారి, అభ్యసన శాస్త్రం మీద కట్టింది. అందులో కిటుకు చిన్నది, చేయడం కష్టం. గుర్రం నేర్చుకునేది మనం లాగినప్పుడు కాదు, వదిలినప్పుడు. తాడు మీద కొద్దిగా పట్టు పెడతాం. గుర్రం ఒక్క అడుగు వెనక్కి వేయగానే పట్టు పూర్తిగా వదలాలి. అడుగు పడ్డాక రెండు క్షణాలు ఆలస్యంగా వదిలితే, ఆ రెండు క్షణాల్లో అది తల ఎగరేసి ఉంటే, తల ఎగరేస్తే వదులుతారని నేర్చుకుంటుంది. సున్నితమైన గుర్రం చెడిపోయేది ఇలాగే. ఎంత చురుకైనదైతే తప్పుడు పాఠం అంత త్వరగా నేర్చుకుంటుంది. దీనికి తోడు మెడ వెనక గోకడమో, క్యారెట్ ముక్కో ఇస్తే ఇంకా మంచిది. జేబులోంచి తీసి పెట్టడం మాత్రం వద్దు, చెయ్యి కొరకడం నేర్చుకుంటుంది.

నీలం టార్పాలిన్‌తో పనిచేస్తున్న సాయిస్ ఒకతన్ని దగ్గర నుంచి చూశాను. నేల మీద టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, బే రంగు గుర్రాన్ని దూరంగా తిప్పుతున్నాడు. ఒకచోటికి రాగానే గుర్రం రెండు చెవులూ నిక్కాయి, మెడ ఎత్తింది, దవడ మాత్రం ఇంకా కదులుతోంది. సరిగ్గా అక్కడే ఆగాడు. ముందుకు లాగలేదు. దవడ ఆగిపోయి ముక్కుపుటాలు విచ్చుకునే వరకూ పోనివ్వలేదు. "బస్ బేటా" అని తాడు వదులు చేసి, పక్కకు తిప్పి, వెనక్కి నడిపించాడు. మళ్ళీ వచ్చేసరికి గుర్రం తనంతట తానే ఒక అడుగు ఎక్కువ వేసింది. తల దించి వాసన చూసింది, తాడు మళ్ళీ వదులైంది. చివరికి ముందు గిట్ట టార్పాలిన్ మీద పెట్టి, ఆ చప్పుడుకు ఉలిక్కిపడి, అయినా గిట్ట తీయలేదు. అంతటితో ఆ రోజు పాఠం ముగించి జీను వేయకుండానే మేతకు వదిలేశాడు. ఎదురుగా కుర్చీలో కూర్చున్న యజమాని "ఇంకోసారి నడిపించు" అంటే, "రేపు సార్, ఇయ్యాల చాలు" అన్నాడు. ఆ 'చాలు' తెలిసిన మనిషికి ఎంత జీతమైనా ఇవ్వొచ్చు.

ఈ ప్రాంతంలో అలవాటు చేయాల్సినవి టార్పాలిన్‌తో అయిపోవు. హకీంపేట వైమానిక స్థావరం నుంచి శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో పోతుంటాయి. రిసార్టుల్లో పెళ్ళిళ్ళ సీజన్ రాగానే డీజే, బాణసంచా. బోనాల డప్పులు, వినాయక నిమజ్జనం, దీపావళి సరే సరి. రాజీవ్ రహదారి మీద లారీ ఎయిర్ హారన్. వీటిలో ముందే తెలిసినవాటికి సిద్ధం చేయొచ్చు. డప్పు శబ్దం ఫోన్‌లో చిన్నగా పెట్టి మేత తినేటప్పుడు వినిపిస్తూ, రోజులు గడిచే కొద్దీ పెంచుకుంటూ పోవచ్చు. చప్పుడు మధ్యకే తీసుకెళ్ళి కట్టేసి "అదే అలవాటు పడుతుంది" అనడం క్రూరం. అలవాటు పడినట్టు నిలబడిపోయే గుర్రాల్లో చాలావాటికి భయం పోదు, ఆశ పోతుంది. దీపావళి రాత్రి ఏ శిక్షణా సరిపోదు. తలుపులు మూసి, గడ్డి నిండుగా వేసి, తెలిసిన మనిషి పక్కనే ఉండాలి.

రేసుల నుంచి వచ్చిన గుర్రానికి మనం వాడే సంకేతాలు కొన్ని తలకిందులుగా తెలుసు. పగ్గం బిగిస్తే ఆగాలని మనం అనుకుంటాం. పందెంలో అది పగ్గం మీద ఆని ఉరకడం నేర్చుకుంది. కాబట్టి కంగారుపడి పగ్గం లాగేకొద్దీ వేగం పెంచుతుంది, యజమాని ఇంకా లాగుతాడు. జాకీ కాళ్ళు పొట్టి రికాబుల్లో పైన ఉంటాయి, మన పిక్కలు పక్కటెముకలకు తగలడం దానికి కొత్త. కదులుతుండగానే ఎక్కించుకోవడం అలవాటు, నిలబడి ఎక్కించుకోవడం కాదు. మొదటి కొన్ని నెలలు నేల మీదే ఆగు, నడువు, వెనక్కి, పక్కకు అనే నాలుగూ నేర్పి, రోజుకు పావుగంట, ఇరవై నిమిషాలు మించకుండా చేస్తే తర్వాత ఏళ్ళు కలిసొస్తాయి. ఈ ఓపిక లేక చాలామంది కటువైన కళ్ళెం కొంటారు. ముళ్ళ కళ్ళేలను బరువులాగే జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టే 1965 నాటి నిబంధనలే నిషేధించాయి, అయినా బరాత్ గుర్రాల నోళ్ళలో ఇంకా కనిపిస్తున్నాయి. ముక్కుపట్టీ బిగించి నోరు మూయించడం అదే పనికి మర్యాదస్తుల రూపం. అంతర్జాతీయ స్వారీ సమాఖ్య 2025 నుంచి పోటీల్లో ముక్కు ఎముకకూ పట్టీకీ మధ్య ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ ఉందో లేదో పరికరంతో కొలుస్తోంది.

ఒంటరితనం ముచ్చట ఇక్కడే చెప్పాలి, శిక్షణలో దాన్ని మించిన అడ్డంకి లేదు. గుర్రం మంద జంతువు. నిశ్చింతగా పడుకుని నిద్రపోవాలంటే ఇంకో గుర్రం మేలుకుని నిలబడి ఉండాలి. ఒక్కదాన్ని కట్టేసి ఉంచితే అటూ ఇటూ ఊగుతుంది, చెక్కను కొరికి గాలి మింగుతుంది. స్వారీకి గేటు దాటిస్తే వెనక్కి తిరుగుతుంది. మేక తోడు కొంత నయం, రేసు లాయాల్లోనూ మేకలను ఉంచుతారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రెండింటికి మేత, చోటు లేనివాళ్ళు ఒక్కటి కూడా కొనొద్దు. స్వారీకి పనికిరాని ముసలి పోనీ అయినా రెండోది ఉండాలి.

డాక్టర్, నాల్‌బంద్, లారీ

ఆరు వారాలకోసారి గిట్టలు చెక్కి లాడాలు కొట్టే నాల్‌బంద్ రావాలి, లాడం ఉన్నా లేకున్నా. వేసవిలో మొరం నేల గిట్టను పగలగొడుతుంది, వానల్లో బురద మెత్తబరిచి కుళ్ళబెడుతుంది. ధనుర్వాతం పశువులన్నిట్లోనూ గుర్రానికే తేలిగ్గా సోకుతుంది. ఏటా టీకా, దాంతోపాటు రేబిస్ టీకా తప్పనిసరి. జోరీగలు మోసుకొచ్చే సర్రా జబ్బు వానల తర్వాత వస్తుంది. దాని క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ కనిపెట్టింది మన ఉపఖండంలోనే. వచ్చి పోయే జ్వరం, కాళ్ళ వాపు, రోజురోజుకూ చిక్కిపోవడం దాని గుర్తులు. ఆరోగ్యంగా ఉన్నప్పుడే నాడి, ఊపిరి లెక్క, వేడి రాసిపెట్టుకోవాలి. విశ్రాంతిలో నాడి నిమిషానికి 28 నుంచి 44, వేడి 38.5 సెల్సియస్ లోపు. కడుపునొప్పి రాత్రి ఫోన్‌లో ఈ మూడు అంకెలు చెప్పగలిగితే డాక్టర్ సగం నిర్ణయం అక్కడే తీసుకుంటారు. గుర్రాలు బాగా తెలిసిన వైద్యులు రేస్‌కోర్స్ చుట్టూ, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వైపు ఉన్నారు. శామీర్‌పేటకు రావడానికి ఔటర్ రింగ్ రోడ్డు మీదైనా గంట పడుతుంది. ఆ గంటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో డాక్టర్ చేతే ముందుగా రాయించి లాయం గోడకు అంటించాలి.

ప్రయాణం సున్నితమైన గుర్రానికి జబ్బంత పని. 2025 వేసవిలో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్‌కు లారీల్లో తరలించిన యాభైకి పైగా గుర్రాల్లో చాలా చనిపోయాయి, వ్యవహారం మధ్యప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళింది. గ్లాండర్స్ అనుమానంతో హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి నమూనాలు పంపారు. గ్లాండర్స్ మనిషికీ సోకే జబ్బు. గుర్రం కొనేటప్పుడు ఆ రక్తపరీక్ష నివేదిక అడగని బేరం చేయకూడదు. లారీలో నిలబడ్డ గుర్రం తల దించుకోవడానికి వీలుండాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లో చేరిన దుమ్ము బయటికి రాదు. ఎండ దిగాక బయల్దేరాలి, దారిలో నీళ్ళు పట్టాలి.

ఇంతకీ ఇవన్నీ కుదిరితే లాల్‌గడి మలక్‌పేట్ చెడ్డ చోటేం కాదు. మొరం నేల నీరు నిలవనివ్వదు, నగరపు నడిబొడ్డుకంటే గాలి నయం, లాయం పక్కనే రెండు గుర్రాలు కలిసి మేసేంత మడి దొరుకుతుంది. గుర్రానికి అసలు ప్రమాదం ఇక్కడ ఎండా కాదు, ఈగా కాదు, భూమి ధర. జీనోమ్ వ్యాలీ, ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక ఈ చుట్టుపక్కల ఎకరం చేతులు మారే వేగం అందరికీ తెలుసు. ఆరేళ్ళ గుర్రాన్ని కొన్నవాళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళ బాధ్యత కొన్నట్టు. ఫామ్‌హౌస్ అంతకాలం నిలుస్తుందని ఎవరు చెప్పగలరు? ప్లాట్లు వేసే రోజున గుర్రం ఏమవుతుంది? ముందే ఏర్పాటు లేకపోతే అది దళారీ చేతుల్లోంచి బరాత్‌కు పోతుంది, ముళ్ళ కళ్ళెం కిందికి, బాణసంచా మధ్యకు. కొనే రోజునే ఎవరు తీసుకోవాలో మాట్లాడి కాగితం మీద పెట్టుకోవాలి. మేతకు ఏడాది డబ్బు విడిగా తీసిపెట్టాలి. రేసు క్లబ్బులు, యజమానులు గుర్రాన్ని అమ్మేటప్పుడు దాని ఒంటి చరిత్ర, కుంటిన కాళ్ళు, కడుపు జబ్బులు రాసి ఇవ్వడం మొదలుపెట్టాలి. తెలంగాణ పశుసంవర్ధక శాఖ ఇళ్ళ దగ్గరి గుర్రాలకూ ఒక నమోదు తెస్తే, చేతులు మారిన ప్రతిసారీ గుర్రం ఎక్కడుందో కనీసం ఒక పుస్తకంలోనైనా ఉంటుంది.